విమానంలో అమ్మే తిండి కొనాలా, ఇంటి నుంచి పట్టుకెళ్ళాలా?

మీరడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి పొద్దున ఆరున్నర ఫ్లైట్. వెంట అరవై ఎనిమిదేళ్ళ అమ్మగారు, ఆవిడకి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. లోపల అమ్మే ఉప్మా, నూడుల్స్, టీ కొనుక్కోవచ్చా, డబ్బు దండగా? ఇంటి నుంచి ఏదైనా కట్టుకుపోతే ఊరుకుంటారా? లోపలి ధరల మీద కోపం కూడా వెళ్ళగక్కారు.

నేను తొమ్మిదేళ్ళు ఒక చౌక విమాన సంస్థలో క్యాబిన్ క్రూగా, అంటే లోపల ప్రయాణికులని చూసుకునే సిబ్బందిలో, చేసి మానేశాను. రోజుకి నాలుగు సెక్టార్లు (ఒక ఊళ్ళో ఎగిరి ఇంకో ఊళ్ళో దిగితే ఒక సెక్టార్), ఒక్కోదానిలో తిండి అమ్మే ట్రాలీ తోసుకుంటూ ఇటు చివర నుంచి అటు చివరకి. కాబట్టి కొంచెం పెద్ద జవాబే రాస్తున్నాను. తొందరలో ఉంటే ఇంతవరకు చాలు: పులిహోర పట్టుకెళ్ళండి, ఎవరూ ఏమీ అనరు. సరదా తీరడానికి లోపల ఒక్కటి కొనండి. ఆ ఒక్కటి ఏదన్నది చూసుకుని కొనండి.

ముందు ఒక సంగతి తెలియాలి. విమానంలో వంటిల్లు లేదు. వెనకాల గ్యాలీ అని ఒక ఇరుకు సందు ఉంటుంది, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు పక్కకి తిరిగి దూరాలి. డబ్బుకి తిండి అమ్మే విమానాల్లో చాలావాటికి ఒవెన్ కూడా ఉండదు. ఉండేది వేడినీళ్ళు. అక్కడ వంటమనిషి ఆ వేడినీళ్ళే. అందుకే మెనూ కార్డులో ఎంత అందంగా రాసినా లోపల దొరికేవి మూడు రకాలు: వేడినీళ్ళు పోస్తే తయారయ్యేవి (కప్పు ఉప్మా, పోహా, నూడుల్స్, టీ), కింద ఫ్లైట్ కిచెన్‌లో చేసి చల్లగా పెట్టి పంపేవి (శాండ్‌విచ్, రోల్), ప్యాకెట్ చింపుకు తినేవి (జీడిపప్పు, బిస్కెట్లు). ఒవెన్ ఉన్న విమానాల్లో వేడి భోజనం కూడా దొరుకుతుంది, కానీ అదీ కింద వండి చల్లబరిచిందే, పైన వేడి చేస్తారంతే.

ఇప్పుడు ఉప్మా కప్పు సంగతి. చాలామంది దీన్ని పాడుచేసుకునే తింటారు. కప్పులో అడుగున పొడి రవ్వ, ఎండిన కరివేపాకు, ఆవాలు, నాలుగు పప్పుబద్దలు ఉంటాయి. మేము లోపలి గీత దాకా వేడినీళ్ళు పోసి, మూత వేసి ఇస్తాం. కప్పు మీద ఎన్ని నిమిషాలు ఆగాలో రాసి ఉంటుంది. కాని ఆకలి మీదున్న మనిషి రెండు నిమిషాలకే మూత ఎత్తి చెంచా పెడతాడు. పైన జావలా నీళ్ళు, అడుగున గట్టి ఉండ, పప్పు పంటి కింద రాయిలా తగులుతుంది. "ఇదేం ఉప్మా అమ్మా!" అని మా మీద విసుక్కుంటాడు.

తప్పు రవ్వది కాదు, నీళ్ళది. విమానం 35,000 అడుగుల ఎత్తున ఎగురుతున్నా లోపలి గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత ఉంటుంది. సుమారుగా ఊటీలో కూచున్నట్టు. ఆ ఒత్తిడి దగ్గర నీళ్ళు 92, 93 డిగ్రీలకే మరిగిపోతాయి. కప్పులోకి వచ్చేసరికి ఇంకాస్త చల్లారతాయి. కాబట్టి కప్పు మీద రాసిన టైముకి ఇంకో రెండు మూడు నిమిషాలు కలపండి. మూత తెరవకుండా ఆవిరి పోకుండా మీద ఫోన్ బరువు పెట్టండి. మధ్యలో ఒకసారి మాత్రం అడుగు దాకా చెంచా పోనిచ్చి గబగబా కలిపి మళ్ళీ మూసేయండి. అప్పుడు అది మీ ఇంటి ఉప్మా అవదు గాని, ఉప్మా అనిపించుకుంటుంది.

రుచి విషయానికొస్తే, పైన నాలుక సరిగ్గా పనిచెయ్యదు. ఇది నా మాట కాదు. 2010లో లుఫ్తాన్సా కోసం జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ వాళ్ళు విమానంలాంటి గదిలో జనాన్ని కూచోబెట్టి పరీక్షించారు. ఉప్పు 20 నుంచి 30 శాతం, తీపి 15 నుంచి 20 శాతం తక్కువగా తెలుస్తాయని తేలింది. పులుపు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. లోపలి గాలిలో తేమ పది, ఇరవై శాతమే. మే నెలలో రెంటచింతల గాలి కూడా అంత పొడిగా ఉండదు. ముక్కు ఎండిపోయి వాసన తెలియదు, వాసన తెలియకపోతే సగం రుచి పోయినట్టే. పైగా ఇంజన్ల హోరు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు 2015లో ఆ హోరు కూడా తీపిని అణిచేస్తుందని, టమాటా, పుట్టగొడుగులు, మాంసం రసంలో ఉండే కమ్మదనాన్ని మాత్రం పెంచుతుందని చూపించారు.

మా గ్యాలీలో ఈ పరిశోధనలేవీ ఎవరూ చదవలేదు గాని, మాకిది ముందే తెలుసు. కేక్ కొన్నవాళ్ళు సగం వదిలేసేవాళ్ళు. మసాలా నూడుల్స్ కొన్నవాళ్ళు రసం కూడా తాగేసేవాళ్ళు. పద్నాలుగో వరసలో ఒక్కరు నూడుల్స్ మూత తీస్తే చాలు, పొడిగాలిలో కూడా ఆ వాసన నాలుగు వరసలు పాకుతుంది. ట్రాలీ పద్దెనిమిదో వరసకి వచ్చేసరికి అందరిదీ ఒకటే మాట, "నాకూ అదే". మాకు అమ్మకం మీద కొద్దిగా కమీషన్ ఉండేది కాబట్టి, మొదటి నూడుల్స్ ఎవరు కొంటారా అని చూసేవాళ్ళం. కొంతమంది సీనియర్లు ముందు వరసల్లో ఒక కప్పు అమ్ముడయ్యేదాకా వదిలేవాళ్ళు కాదు!

అంచేత సరదాకి కొనేది కారంగా, పుల్లగా, మసాలాగా ఉన్నదై ఉండాలి. మీకైతే నూడుల్స్ సరే. అమ్మగారికి మాత్రం కప్పు తిళ్ళేవీ వద్దంటాను.

కారణం ఉప్పు. నాలుకకి తక్కువ తెలుస్తుందని అనుకున్నాం కదా, శరీరానికి మాత్రం మొత్తం లెక్కే. వేడినీళ్ళు పోసే కప్పుల్లో నిలవ కోసం, రుచి కోసం ఉప్పు గట్టిగానే ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో సోషల్ మీడియాలో దీని మీద పెద్ద రగడ జరిగింది, విమానంలో అమ్మే ఉప్మాలోనూ పోహాలోనూ మ్యాగీ కంటే సోడియం ఎక్కువని ఒకాయన వీడియో పెడితే. ఉప్మా అనగానే ఒంటికి మంచిది, నూడుల్స్ అనగానే చెడ్డది అని మనం లెక్కేసుకుంటాం. కప్పులోకి వచ్చాక రెండూ ఒకే గూటి పక్షులు. పెద్దవాళ్ళు రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే 2,000 మిల్లీగ్రాముల సోడియం. కప్పు వెనక సోడియం అంకె ఉంటుంది, ఒకసారి తిప్పి చూడండి. బీపీ ఉన్న మనిషికి పొద్దున్నే అందులో పెద్ద వాటా ఎందుకు ఇవ్వాలి?

షుగర్ సంగతి ఇంకా ముఖ్యం. ఇది జాగ్రత్తగా చదవండి. మాత్ర వేసుకుని, "ట్రాలీ వస్తుంది కదా, అప్పుడు తింటాను" అని కూచున్న పెద్దవాళ్ళని నేను చాలామందిని చూశాను. ఆరున్నర ఫ్లైట్ అంటే ఆరున్నరకి గేటు దగ్గర నుంచి కదులుతుంది, ఎగిరేసరికి ఇంకో పావుగంట పట్టొచ్చు. సీటు బెల్టు దీపం ఆరేదాకా మేము లేవం. లేచాక ముందే బుక్ చేసుకున్నవాళ్ళకి మొదట పంచుతాం. ఆ తర్వాత అమ్మకం. నూట ఎనభై మంది ఉన్న విమానంలో ఇరవై ఎనిమిదో వరసకి ట్రాలీ చేరేసరికి గంట దాటొచ్చు. మధ్యలో కుదుపులొస్తే కెప్టెన్ మమ్మల్ని కూచోమంటాడు, వేడినీళ్ళు ముట్టుకోనివ్వరు. ఢిల్లీ రెండుంపావు గంటలే. దిగడానికి అరగంట ముందు నుంచే అంతా సర్దేయాలి. అంటే అమ్మడానికి మాకు మిగిలేది గంటంపావు.

ఒకసారి అచ్చం ఇలాగే అయింది. చలికాలం పొద్దున, ఉత్తరాదికి వెళ్ళే ఫ్లైట్, దారంతా కుదుపులు. సర్వీసు మొదలుపెట్టనే లేదు. చివరి వరసలో ఒక పెద్దావిడ నుదుటి మీద చెమట్లు, చేతులు వణుకుతున్నాయి. పక్కనున్న అబ్బాయి కాల్ బటన్ నొక్కాడు. "ఇంజెక్షన్ చేసుకున్నానమ్మా, తిందామనుకున్నాను" అంది. జ్యూసులో ఇంకో రెండు చక్కెర ప్యాకెట్లు కలిపి తాగించాం. పావుగంటకి తేరుకుంది. తేరుకోగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "ఈ జ్యూసుకి ఎంతివ్వాలి?" అని. కాబట్టి అమ్మగారి తిండి ట్రాలీ చేతిలో పెట్టకండి. మాత్రో ఇంజెక్షనో ఎన్నింటికి అన్నది ముందు రోజు డాక్టరుగారిని అడిగి పెట్టుకోండి. తిండి మాత్రం మీ చేతి సంచిలో, సీటు కింద ఉండాలి, పైన లాకర్‌లో కాదు. కుదుపులప్పుడు మీరు లేవలేరు.

ఇక ఇంటి తిండి. దేశంలో తిరిగే విమానాల్లో ఇంటి నుంచి తెచ్చుకున్నది తింటే మేము ఎవరినీ ఆపేవాళ్ళం కాదు. అట్లు, చపాతీలు, ఇడ్లీలు, పులిహోర అన్నీ చూశాం. హైదరాబాద్ నుంచి బయల్దేరే ఫ్లైట్‌లో బిర్యానీ పొట్లాలు లేని రోజు నేను చూడలేదు. అన్నిట్లోకీ పులిహోరే గొప్పదని నా తీర్పు. తొమ్మిదేళ్ళ అనుభవంతో చెబుతున్నాను. చింతపండు పులుపు పైన కూడా చెక్కుచెదరదు. చల్లారినా బావుంటుంది. చెయ్యి కడుక్కోకపోయినా చెంచాతో అయిపోతుంది, పక్కవాళ్ళకి వాసన రాదు, పొద్దున చేసింది మధ్యాహ్నం దాకా చెడదు. మన అమ్మమ్మలు రైళ్ళలో, యాత్రల్లో ఊరికే కట్టుకుపోయారా! అయితే షుగర్ ఉన్న అమ్మగారికి అన్నం ఎంత పెట్టాలో మీకు తెలుసు. రెండు జొన్న రొట్టెలో, పెసరట్టో పెట్టి, పులిహోర మీరు తినండి. పెరుగన్నం మాత్రం పైన మరీ చప్పగా అనిపిస్తుంది, ఆవకాయ లేకపోతే దిగదు. ఆవకాయ తీస్తే మళ్ళీ నాలుగు వరసలు వెనక్కి తిరిగి చూస్తాయి. పచ్చడి సీసాలు అసలు చేతి సంచిలో పెట్టకండి. సెక్యూరిటీ దగ్గర నూనె, కారం అంటూ వాదన పడుతుంది. గట్టిగా సీలు వేయించి చెక్-ఇన్ పెట్టెలో (కౌంటర్ దగ్గర ఇచ్చేసే పెట్టెలో) వేసేయండి.

డబ్బాల గురించి ఒక్క మాట. కింద గట్టిగా మూసిన డబ్బాలో గాలి పైకి వెళ్ళాక ఉబ్బుతుంది. చిప్స్ ప్యాకెట్ బుడగలా తయారవడం చూస్తారు కదా, అదే. రేకు మూతతో ఉన్న పెరుగు కప్పు, జ్యూసు కప్పు తెరిచేటప్పుడు మొహానికి దూరంగా పట్టుకుని, ఒక మూల నుంచి మెల్లిగా లాగండి. నా యూనిఫాం మీద ఎన్ని పెరుగు చుక్కలు పడ్డాయో లెక్కలేదు. దీనికి తిరకాసు కూడా ఉంది: పైన తిని బిగించి మూసిన డబ్బా కిందికి దిగాక మూత రాదు. లోపల పలచటి గాలి, బయట ఒత్తిడి. ఢిల్లీలో బంధువులింట్లో ఆ డబ్బా పట్టుకుని ముగ్గురు గుంజుకుంటారు. దిగేముందు మూత ఒకసారి వదులు చేసి పెట్టుకోండి.

శాండ్‌విచ్ తినాలని ఉంటే విమానంలో కొనకండి, టికెట్‌తో పాటో, కనీసం ముందు రోజో బుక్ చేసుకోండి. ధర తక్కువ పడుతుంది, మీ వంతు ముందు వస్తుంది, అయిపోతుందన్న భయం ఉండదు. లోపల అమ్మడానికి పెట్టేవి లెక్కగా కొద్దే పెడతారు, మిగిలితే పారెయ్యాలి కాబట్టి. వెనక వరసలకి వచ్చేసరికి "పనీర్ అయిపోయిందండి, ఇదొక్కటే ఉంది" అని నేను అన్న మాట ఎన్ని వేలసార్లో. కూల్‌డ్రింకుల పద్ధతి కూడా మారింది. ఇండిగోలో 2023లో కూల్‌డ్రింక్ డబ్బాలు విడిగా అమ్మడం మానేసి, ఏదైనా చిరుతిండి కొంటే దాంతో ఒక గ్లాసు జ్యూసు ఇచ్చే పద్ధతి పెట్టారు. కొనేముందు తోడుగా ఏమొస్తుందో అడగండి, కొంతమంది ఆ జ్యూసు ఉందని తెలియక వదిలేసి దిగిపోతారు. అమ్మగారికి ఆ జ్యూసు ఇవ్వకండి. మంచినీళ్ళు అడిగితే పేపరు గ్లాసులో ఊరికే ఇస్తారు, మొహమాటపడకుండా రెండు మూడుసార్లు అడగండి. మద్యం మాత్రం దేశంలో తిరిగే విమానాల్లో అమ్మరు. మీరడగలేదు గాని, ఎవరో ఒకరు అడుగుతారు.

టీ? నిజం చెప్పాలంటే ప్యాకెట్ పొడిని వేడినీళ్ళలో కలిపిందే, అల్లం, ఏలకుల వాసన వేసి ఇస్తారు. నీళ్ళు కిందంత వేడెక్కవు కాబట్టి టీ బ్యాగ్ వేసినా డికాక్షన్ దిగదు. ఇరానీ చాయ్ తాగి వచ్చిన నోటికి అది వేడి నీళ్ళే. పైగా ఆ ప్యాకెట్ పొడుల్లో చక్కెర ముందే కలిసి ఉంటుంది, కాబట్టి "చక్కెర లేకుండా" అన్నా లాభం లేదు. అమ్మగారికి కావాలంటే విడిగా టీ బ్యాగ్ ఉందా, గ్రీన్ టీ ఉందా అని అడగండి.

ధరల మీద మీ కోపం న్యాయమే. కిరాణా కొట్లో దొరికే కప్పు నూడుల్స్ పైన మూడు రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. చౌక విమానానికి టికెట్‌లో వచ్చే లాభం పలచన, సీటు ఎంపిక, సామాను, తిండి మీదే నాలుగు డబ్బులు మిగుల్చుకోవాలి. 2003లో మన దేశంలో మొదటి చౌక విమాన సంస్థ ఎయిర్ డెక్కన్ వచ్చినప్పుడు మనవాళ్ళకి ఇది కొత్త. అంతకుముందు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ఎక్కగానే ట్రేలో చాక్లెట్లు, చెవుల్లోకి దూది, తర్వాత భోజనం. తిండికి డబ్బడగడమేంటని చాలామంది నొచ్చుకున్నారు. తమాషా ఏమిటంటే, విమానంలో తిండి మొదలైందే అమ్మకంతో. 1919 అక్టోబర్‌లో లండన్ నుంచి పారిస్ వెళ్ళే హ్యాండ్లీ పేజ్ కంపెనీ విమానాల్లో భోజనం పెట్టె మూడు షిల్లింగులకి అమ్మారు. ఉచిత భోజనం మధ్యలో వచ్చిన ముచ్చట.

డబ్బు చెల్లించడం గురించి: ఫోన్ పే, గూగుల్ పే నమ్ముకుని ఎక్కకండి, చాలా విమానాల్లో పైన నెట్ ఉండదు. కార్డు పెట్టుకోండి, లేకపోతే వందా యాభై నోట్లు. ఐదొందల నోటు ఇస్తే "చిల్లర తర్వాత ఇస్తాం" అంటారు. వాళ్ళు మర్చిపోవాలని కాదు, ప్రతి సెక్టార్ చివర్లో ఒక్కో ప్యాకెట్, ఒక్కో రూపాయి లెక్కపెట్టి, ట్రాలీకి సీలు వేసి నంబరు రాయాలి. లెక్క తగ్గితే మా జేబులోంచే. దిగేముందు మీరే గుర్తుచేయండి.

విమానాశ్రయంలో తినొచ్చా అంటే తినొచ్చు, కాని అక్కడి ధరలు చూశాక విమానంలో ధరలు ముద్దొస్తాయి. 2024 డిసెంబర్‌లో కోల్‌కతాలో ఉడాన్ యాత్రీ కేఫ్ అని ఒకటి మొదలుపెట్టారు, పది రూపాయలకి టీ, ఇరవైకి సమోసా. మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడుగారు విమానయాన మంత్రి అయ్యాక వచ్చిందది. తర్వాత చెన్నైలోనూ పెట్టారు. మీరు వెళ్ళే చోట అలాంటిది కనిపిస్తే అక్కడే తాగేయండి, పైన తాగే టీ కంటే అదే నయం.

మీరు చివర్లో వచ్చే ఏడాది మలేషియా, సింగపూర్ అన్నారు కాబట్టి ఇదొకటి. అక్కడి చౌక విమానాలు, ఎయిర్‌ఏషియా, స్కూట్ లాంటివి, పద్ధతి వేరు. బయటి తిండి లోపల తినకూడదని వాళ్ళ నియమం. ఎయిర్‌ఏషియాలో మంచినీళ్ళు కూడా కొనుక్కోవాలి. అందుకని భోజనం టికెట్‌తోనే బుక్ చేసేయండి. ఎయిర్‌ఏషియా వాళ్ళ నాసి లెమాక్ నాకు నచ్చింది. కొబ్బరిపాలతో వండిన అన్నం, కారంగా సంబల్ అనే పచ్చడి, వేరుశెనగ గుళ్ళు. ఆకాశంలో తిన్నా రుచి తెలిసే తిండి అది. ఆ తిండికి ఎంత గిరాకీ అంటే, 2019లో కౌలాలంపూర్‌లో ఒక షాపింగ్ మాల్‌లో ఆ విమాన భోజనాలు అమ్మే హోటలే తెరిచారు. శాకాహారులైతే జాగ్రత్త, ఆ సంబల్‌లో మామూలుగా ఎండు చేపలు గాని రొయ్యల ముద్ద గాని కలుస్తుంది, పైకి కనపడదు. భోజనం ధరలో ఉండే పెద్ద విమానాల్లో అయితే బుక్ చేసేటప్పుడు ఏవీఎంఎల్ అని పెడితే మన మసాలాతో శాకాహారం, డీబీఎంఎల్ అంటే షుగర్ ఉన్నవాళ్ళ భోజనం. ఇలా ప్రత్యేకంగా చెప్పినవాళ్ళకి మామూలుగా ముందే వడ్డిస్తారు.

ఇంతా చెప్పాక అమ్మగారికి మొదటి విమానం గుర్తుగా ఏదైనా కొనాలనిపిస్తే, ఉప్పు లేని జీడిపప్పు రేకు డబ్బాలో అమ్ముతున్నారేమో చూడండి. ఉంటే తీసుకోండి. పప్పు రెండు రోజుల్లో అయిపోతుంది. నా మొదటి నెల జీతంలో కొన్న డబ్బాలో మా అమ్మ ఇప్పటికీ ఆవాలు పోస్తోంది.